పొగబిళ్ళకి గంజి

ఇస్త్రీ అత్తకి ఉన్న కోపాలు రెండే. ఇస్త్రీ చేసిచ్చిన చొక్కాని ఎవరైనా చంకలో ఇరికించుకుని పోతే వచ్చేది ఒకటి. తెల్లబట్ట మీద నల్లచుక్క కనబడితే వచ్చేది రెండోది. మొదటిది ఆ చొక్కాగల మనిషి మలుపు తిరిగేలోపు దిగిపోతుంది. రెండోది మాత్రం ఆ చుక్క వదిలేదాకా ఆవిణ్ణి వదలదు. చుక్కని నానబెట్టి, రుద్ది, తిట్టి, ఎండలో వేసి, మళ్లీ తిట్టి, అది పోయాక గానీ అన్నం ముందు కూర్చోదు. ఇరవై ఎనిమిదేళ్లుగా బొగ్గుల మధ్య బతుకుతూ ఒక్క బట్టనైనా మసి మరకతో బయటికి పంపని మనిషి ఆ వీధి మొత్తానికి ఆవిడ ఒక్కతే. అసలు ఆ వీధిలో ఇస్త్రీ చేసేది కూడా ఆవిడ ఒక్కతే అనుకోండి, అది వేరే సంగతి.

వీధి మలుపులో రేకుల గది ఆవిడ కొట్టు. ముందువైపు తెరిచి ఉంటుంది, మిగతా మూడు వైపులా రేకులే. నడుమెత్తు బల్ల, దాని మీద నాలుగు మడతల పాత దుప్పటి, దుప్పటి మీద తెల్లగుడ్డ. మూలన ఇనప మూకుడులో నిప్పులు. పక్కన గోనెసంచిలో బొగ్గులు, ఆ బొగ్గులు రాజేయడానికి చితుకులు, ఎండు పీచు. ఇత్తడి ఇస్త్రీ పెట్టె ఒట్టిది ఏడు కేజీలు. కడుపునిండా నిప్పులు పోశాక ఎంతో ఎవరూ తూచలేదు గానీ, సాయంత్రానికి అత్త కుడిభుజం మాత్రం రోజూ తూచి చెబుతుంది.

ఆయన పోయి మూడేళ్లయింది. అంతకుముందు ఇద్దరూ చేసేవాళ్లు. ఆయన నిప్పులు చేసేవాడు, ఆవిడ మడతలు చేసేది. ఇప్పుడు రెండూ ఆవిడే. అయినా ఆయనతో మాటలు మానలేదు. "చూశావా, ఈ లాయరు గారు మళ్లీ పెన్ను మూత పెట్టకుండా జేబులో పెట్టాడు" అంటుంది. ఆయన జవాబు చెప్పడు. బతికున్నప్పుడూ పెద్దగా చెప్పేవాడు కాదు కాబట్టి తేడా తెలియకుండా రోజు గడిచిపోతుంది. కొన్ని రోజులు మాత్రం తెలుస్తుంది. ఆ రోజుల్లో చొక్కాల కాలర్లు కాస్త ఎక్కువ గట్టిగా వస్తాయి.

అసలు కొట్టుకి యజమానురాలు వేరే ఉంది. బల్ల కింద బట్టల గంపలో కూర్చుని ఏలుతుంది. అత్త కూతురి కూతురు, రెండేళ్ల పిల్ల. వీధంతా పిడుగు అంటారు. కూతురు మందుల కంపెనీలో సీసాలకి మూతలు బిగించే పనికి వెళుతూ పొద్దున ఎనిమిదింటికి పిడుగుని దింపుతుంది, సాయంత్రం ఆరింటికి ఎత్తుకుపోతుంది. ఆ మధ్యకాలంలో పిడుగు గుండీలు పీకుతుంది, మడతలు విప్పుతుంది, లాయరు గారి నల్లకోటు చేతుల్లో దూరి "అమ్మమ్మా, నేనేదీ?" అంటుంది. "ఏదమ్మా? లాయరు గారు మింగేశారా?" అని అత్త వెతుకుతుంది. రోజుకి పాతికసార్లు వెతుకుతుంది. పాతికసార్లూ నిజంగానే కనబడనట్టు వెతుకుతుంది.

పిడుగుకి దగ్గు మొదలైంది ఆ చలికాలంలోనే. మొదట్లో కుయ్ కుయ్ మని, తర్వాత ఛాతీలో పిల్లి కూర్చున్నట్టు గురగురమని. కూతురు డాక్టరుకి చూపించింది. ఆయన మందు రాసి, "ఇంట్లో గానీ, పిల్ల ఉండే చోట గానీ పొగ ఉందా?" అనడిగాడు.

ఆ సాయంత్రం కూతురు కొట్టు ముందు నిలబడి చెప్పులు కూడా విప్పలేదు.

"అమ్మా, ఆరోగ్య కేంద్రం నుంచి ఒకమ్మాయి వస్తుంది. కట్టెల పొయ్యిలు, బొగ్గులు వాడేవాళ్ల దగ్గర పొగ కొలుస్తున్నారు. నీ పేరు రాయించాను."

"నా పేరు ఎందుకే? ఇక్కడ పొగెక్కడిది? పొగంటే పచ్చికట్టెలకి వచ్చేది. నావి బొగ్గులు. రాజుకున్నాక పొగ కనిపిస్తుందా చెప్పు, కళ్లుంటే చూడు."

"కనిపించనిదే కొలుస్తారట. లెక్క తక్కువొస్తే సరే. ఎక్కువొచ్చిందనుకో, పిల్లని మా అత్తగారి ఊరికి పంపించేస్తా."

అత్త చేతిలో పెట్టె ఆగింది. కూతురి అత్తగారి ఊరంటే రైల్లో ఒక పగలు. వాళ్లు రావడం ఏడాదికోసారి. అప్పటికి పిడుగుకి మూడేళ్లొస్తాయి. కోటు చేతుల్లో పట్టదు.

"పంపించు" అంది అత్త. "పంపించి చూడు, ఆ ముసలావిడ గుండీలు ఎలా ఉంటాయో!"

కూతురు నవ్వలేదు. అత్త కూడా నవ్వించడానికి అనలేదు. ఆగిన పెట్టెని మళ్లీ చొక్కా మీదికి తోసింది.

కొలతలమ్మాయి మంగళవారం పొద్దున్నే వచ్చింది. కళ్లద్దాలు, వీపున సంచీ, చేతిలో అట్టపెట్టె. అత్త నడుముకి ఒక పటకా కట్టింది. పటకాకి అరచేతంత యంత్రం, యంత్రం నుంచి సన్నటి గొట్టం, ఆ గొట్టం చివర మాత్రల డబ్బా అంత చిన్న గుండ్రటి డబ్బీ. డబ్బీని అత్త జాకెట్టు భుజం దగ్గర, ముక్కుకి జానెడు దూరంలో పిన్నుతో తగిలించింది.

"ఇది గాలి పీలుస్తుందండీ, మీరు పీల్చినట్టే. మీరు పీల్చేదే ఇదీ పీలుస్తుంది. లోపల తెల్లబిళ్ళ ఉంది, చూశారా? గాలిలో ఉన్న సన్నటి రేణువులన్నీ దాని మీద ఆగిపోతాయి. సాయంత్రం వరకూ ఉంచుకోండి. రేపు పొద్దున వచ్చి తీసుకుంటా."

"ఎంత సన్నటివి?"

"తలవెంట్రుక ఉంది కదండీ, దాని మందంలో ముప్పై పట్టేంత."

అత్త తన జడలోంచి ఒక వెంట్రుక పీకి వెలుగులో పెట్టి చూసింది. "ఇందులో ముప్పయ్యా? నాకు సూదిలో దారమే ఎక్కదు. మరి పెద్ద మసి సంగతేంటి?"

"పెద్దది ముక్కులోనే ఆగిపోతుందండీ. తుమ్మితే పోతుంది. ఈ సన్నవే ఊపిరితిత్తుల అడుక్కి వెళ్లి కూర్చుంటాయి. బొగ్గు, కట్టె, పిడకలు, ఊక, ఏది మండినా వస్తాయి." ఆ అమ్మాయి సంచీ సర్దుకుంటూ, "ఇవాళ రోజూలాగే ఉండండి అత్తా, ఏమీ మార్చొద్దు" అంది. వచ్చి అరగంట కాలేదు, అప్పుడే వీధి పిలుపు పట్టేసింది.

రోజూలాగే ఉండటం అంత కష్టమని అత్తకి ఆ రోజే తెలిసింది. యంత్రం నడుము దగ్గర తుమ్మెదలా గుయ్యిమంటోంది. చొక్కాలు తెచ్చిన ప్రతివాడికీ అనుమానమే. ఒకాయన గుండెజబ్బా అన్నాడు. ఒకావిడ చెవుడు మిషనా అని గట్టిగా అరిచి అడిగింది. ఎదురుగా వీధి అవతలి అరుగు మీద మిషను తొక్కే దర్జీ అయితే పొద్దుటి నుంచీ నవ్వు ఆపుకోలేకపోతున్నాడు.

"ఏం చెల్లెమ్మా, నిన్ను కరెంటుతో నడిపిస్తున్నారా ఏంటి?"

"నా సంగతి నీకెందుకన్నయ్యా? ముందు నువ్వు కుట్టిన లాగుకి రెండు కాళ్లూ ఒకే పొడుగు ఉన్నాయేమో చూసుకో."

"నేను కుట్టింది బానే ఉంటుంది. నువ్వు కాల్చాకే ఒక కాలు ముడుచుకుంటుంది!"

ఈ యుద్ధం పదిహేనేళ్లది. ఎవరూ గెలవలేదు. గెలిస్తే ఇద్దరికీ పొద్దుపోదు.

సాయంత్రం కూతురు పిడుగుని తీసుకుపోయాక, అత్త నిప్పుల మీద నీళ్లు చల్లి, పటకా విప్పి, డబ్బీని వెలుగులో పెట్టి చూసింది.

పొద్దున మల్లెరేకులా ఉన్న బిళ్ళ. ఇప్పుడు పొయ్యిగడ్డ రంగు.

ఇక్కడ అత్త తల్లో ఏం జరిగిందో సరిగ్గా చెప్పాలి, లేకపోతే ఆవిడ దొంగ అనుకుంటారు. పిల్లని పంపించేస్తారన్న భయం వచ్చింది, నిజమే. కానీ అది రెండోది. అంతకంటే ముందొచ్చింది సిగ్గు. పరాయివాళ్లు నమ్మి తెల్లటి వస్తువు చేతికిచ్చారు. అది నల్లబడింది. రేపు పొద్దున ఆ పిల్ల వచ్చి చూస్తుంది. ఇరవై ఎనిమిదేళ్లలో ఈ చేతుల మీదుగా మసి మరకతో ఒక్కటీ వెనక్కి పోలేదు. ఇది పోవాలా?

వేలిగోరుతో డబ్బీ మూత లేపింది. బిళ్ళ కాగితంలా లేదు, పలచటి ప్లాస్టిక్ పొరలా ఉంది. నీళ్లలో చిరగదని చేత్తో పట్టుకోగానే తెలిసిపోయింది. గిన్నెలో గోరువెచ్చని నీళ్లు, సబ్బుపొడి చిటికెడు. పావుగంట నాననిచ్చింది. అరచేతిలో పెట్టుకుని చంటిపిల్ల చెవి తుడిచినట్టు వేలికొసతో రుద్దింది. నలుపు కదిలింది. ఇంకోసారి. నిమ్మచెక్క. ఇంకోసారి. చివరికి కాస్త పసుపు నీడ మిగిలితే నీలిమందు చుక్క వేసి జాడించింది. తెలుపు లేచి కూర్చుంది.

అంతటితో ఆగి ఉంటే కథ వేరేగా ఉండేది. కానీ చెయ్యికి అలవాటైన వరస ఒకటుంటుంది. ఉతుకు, నీలి, గంజి, ఇస్త్రీ. మూడోది మరిచి నాలుగోదానికి పోవడం ఆ చేతికి రాదు. గంజి గిన్నె పక్కనే ఉంది. ముంచింది. రెండు తెల్లగుడ్డల మధ్య బిళ్ళ పెట్టి, చల్లారుతున్న పెట్టెతో ఒక్కసారి అలా తాకించింది. తీసి చూస్తే రూపాయి బిళ్ళలా నిటారుగా నిలబడింది.

"చూశావా?" అంది ఆయనతో. "ఇలాంటిది వాళ్ల ఆఫీసులో కూడా ఉండదు."

మర్నాడు కొలతలమ్మాయి డబ్బీ తీసుకుని లోపలికి చూసి, కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ చూసింది. "మోటారు నడిచిందా అత్తా?"

"నడవకేం! రోజంతా తుమ్మెదలాగా."

"చాలా తెల్లగా ఉందే!"

"నా దగ్గరికి వచ్చింది ఏదైనా అలాగే పోతుంది" అంది అత్త. అంత నిజం చెప్పాక ఇంక దాచిందేముందని ఆవిడ ఉద్దేశం.

పై వారం ఆదివారం. కూతురికి సెలవు. పిడుగుని ఒళ్లో పెట్టుకుని కొట్టు మెట్టు మీద కూర్చుని ఉంది. కొలతలమ్మాయి వీధి చివర నుంచే దాదాపు పరిగెత్తుకుంటూ వచ్చింది. ముఖం పాలిపోయి ఉంది.

"అత్తా, మీకు ఊపిరాడుతోందా?"

"ఆడకపోతే నీకు జవాబెవరు చెబుతున్నారు?"

"బిళ్ళకి ముందు బరువు, తర్వాత బరువు చూస్తాం. ఆ తేడానే రేణువుల లెక్క. మీ బిళ్ళ బరువు చూసి మా సారు త్రాసు పాడైందనుకున్నారు. మూడుసార్లు తూచాం. ఫ్యాక్టరీ గొట్టంలో తలపెట్టి రోజంతా కూర్చున్నా అంత రాదు. ఎంత రావాలో దానికి మూడొందల రెట్లు వచ్చింది! పైగా తెల్లగా ఉంది. తెల్లపొగ ఏంటో, అందులో ఏముందో ఎవరికీ అర్థం కావట్లేదు."

కూతురు లేచి నిలబడింది. గంపలోంచి పిడుగు గౌన్లు రెండు, పాలసీసా, చెవి తెగిన గుడ్డ కుందేలు ఒక్కొక్కటే తీసి సంచిలో వేసుకోవడం మొదలుపెట్టింది.

"ఎక్కడికే?"

"రేపటి రైలుకి."

నిజం చెబితే పరువు పోతుంది. చెప్పకపోతే పిల్ల పోతుంది. ఎదురు అరుగు మీద దర్జీ మిషను ఆపి చెవులు ఇటే పెట్టి ఉన్నాడు. చెప్పింది గనక వింటే ఇంకో పదిహేనేళ్లు అదే పాట పాడతాడు. కుందేలు కూడా సంచిలోకి వెళ్లిపోయింది.

"అది పొగ కాదు!" అని అరిచింది అత్త. "గంజి!"

"ఏంటండీ?" అంది కొలతలమ్మాయి.

"గంజి. అన్నం వార్చిన గంజి. బిళ్ళ మాసిపోయిందని ఉతికాను. ఉతికాక నీలి పెట్టాను. నీలి పెట్టాక గంజి పెట్టకుండా ఎవరైనా ఇస్త్రీ చేస్తారా?"

"ఇస్త్రీ కూడా చేశారా!"

"తేలిగ్గా. ఒక్కసారి."

మొదట నవ్వింది దర్జీ. మిషను మీద తల పెట్టుకుని భుజాలు ఎగరేస్తూ నవ్వాడు. కొలతలమ్మాయి పెదాలు బిగించి చాలాసేపు ప్రయత్నించింది గానీ కళ్లద్దాల కింద నుంచి నీళ్లు కారిపోయాయి. "మా సారుకి... మా సారుకి ఏమని చెప్పాలి..." అంటూ మెట్టు మీద కూలబడింది. అందరూ నవ్వుతున్నారు కదా అని పిడుగు కూడా నవ్వింది. నవ్వుతూ నవ్వుతూ దగ్గింది. దగ్గు ఆగలేదు. కూతురు వీపు నిమిరింది. నవ్వులు ఒక్కొక్కటే ఆగిపోయాయి.

ఆ దగ్గు సద్దుమణిగాక కొలతలమ్మాయి మెల్లగా అంది. "తప్పేం లేదు అత్తా, ఇంకో బిళ్ళ పెడదాం. కానీ మీరు మరక పోగొట్టేస్తే మేము ఏం చూడాలి చెప్పండి? మాకు కావలసింది ఆ మరకే."

ఆ అమ్మాయి అన్నది అంతే. తిట్టలేదు, ఎత్తిపొడవలేదు. కానీ అత్త బల్ల అంచు పట్టుకుంది.

ఆయన దగ్గు గుర్తొచ్చింది. చివరి రెండేళ్లు రోజుకి మూడు చేతిరుమాళ్లు. మూడింటిలోనూ నల్లటి కఫం. ఆవిడ వాటిని ఎవరి కంటా పడకుండా విడి గిన్నెలో నానబెట్టేది. సబ్బు, నిమ్మ, నీలి. డాక్టరు దగ్గరికి వెళ్లే రోజు అన్నిటికంటే తెల్లటిది ఏరి, నాలుగు మడతలు వేసి, ఆయన జేబులో తనే పెట్టేది. నలుగురిలోకి వెళ్లే మనిషి శుభ్రంగా వెళ్లాలి కదా. "కఫం ఏ రంగు పడుతోంది?" అని డాక్టరు అడిగితే ఆయన మాటలు రాక రుమాలు తీసి చూపించాడట. తెల్లగా తళతళలాడుతున్న రుమాలు. "బాగానే ఉందే, బీడీలు తగ్గించు" అన్నాడట డాక్టరు. ఆయన జన్మలో బీడీ ముట్టలేదు. ఇంటికొచ్చి ఆ మాట చెబితే ఇద్దరూ నవ్వుకున్నారు కూడా.

ఆ నవ్వు ఇప్పుడు ఎక్కడ పెట్టుకోవాలో ఆవిడకి తెలియలేదు.

"తగిలించు" అంది కొలతలమ్మాయితో. "రేపే తగిలించు. దాని గంప దగ్గర కూడా ఒకటి పెట్టు."

మర్నాడు మూడు యంత్రాలు వచ్చాయి. ఒకటి అత్త నడుముకి. రెండోది పిడుగు గంప అంచుకి, ఇది బిళ్ళ లేని రకం, నిమిషం నిమిషానికీ లెక్క తనలోనే రాసుకునేది. మూడోదీ అలాంటిదే, తేడా తెలుస్తుందని కొలతలమ్మాయి దాన్ని దర్జీ అరుగు మీద పెట్టించింది.

"నాకెందుకమ్మా? నేను కాల్చేదేం లేదు, కుట్టేదే" అన్నాడు దర్జీ.

"నీ నోట్లోంచి ఎంత వస్తుందో చూస్తారు" అంది అత్త.

ఆ సాయంత్రం డబ్బీలో బిళ్ళ మళ్లీ పొయ్యిగడ్డ రంగులోనే ఉంది. అత్త దాన్ని చూసింది. వేళ్లు జివ్వుమన్నాయి. నిజంగానే లేచి గిన్నె దాకా వెళ్లింది. అక్కడ చెయ్యి వెనక్కి కట్టుకుని నిలబడి, "వద్దు" అని తనకి తనే చెప్పుకుంది. చివరికి దర్జీ పెళ్లాన్ని పిలిచి, "వదినా, ఇది రేపటిదాకా నీ దగ్గర దాచు. నేను అడిగినా ఇవ్వకు" అని డబ్బీ ఆవిడ చేతిలో పెట్టేసింది. ఒక గంట ఆగి నిజంగానే వెళ్లి అడిగింది. వదిన ఇవ్వలేదు.

బుధవారం కూతురు పని నుంచి వచ్చే వేళకి కొలతలమ్మాయి కాగితాలు పట్టుకొచ్చింది. బల్ల మీద పరిచింది. కాగితం మీద కొండల బొమ్మలాంటి గీత.

"ఇది పిడుగు గంప దగ్గరిది. ఇదిగో, ఎనిమిదిన్నరకి ఈ పెద్ద కొండ. అప్పుడేం చేస్తారు అత్తా?"

"బొగ్గులు రాజేస్తా. చితుకులు, పీచు వేసి ఊదుతా."

"ఇదిగో మధ్యాహ్నం ఇంకోటి."

"మళ్లీ బొగ్గులు వేస్తా."

"ఈ రెండిటి మధ్య కూడా కిందికి దిగలేదు చూడండి. బొగ్గు రాజుకున్నాక పొగ కనిపించదు, నిజమే. కానీ రేణువులు వస్తూనే ఉంటాయి. మూడు వైపులా రేకులు కదా, బయటికి పోవు. బిళ్ళ బరువు లెక్క కూడా అంతే చెబుతోంది. ఉండాల్సిన దానికి ఎనిమిది రెట్లు."

"మూడొందల మీద నయమే" అన్నాడు ఎదురు అరుగు మీంచి దర్జీ. ఎవరూ నవ్వలేదు. ఆయనే తల దించుకుని సూదిలో దారం ఎక్కించుకున్నాడు.

కూతురు కాగితం వైపు చూసింది, తర్వాత తల్లి వైపు. ఎనిమిది అనే మాట విన్నప్పుడు తల్లి ముఖం ఎలా అయిందో చూసినట్టుంది, గొంతు తగ్గించింది.

"వెనక రేకు తీయించేద్దాం అమ్మా. గాలి ఆడుతుంది. అప్పుడు మళ్లీ కొలిపిద్దాం. ఈలోపు... ఈలోపు ఉండనీ, దీన్ని ఎక్కడికీ పంపను."

ఇన్ని రోజులు ఏ మాట కోసం అత్త నిద్రలో కూడా బతిమాలుకుందో ఆ మాట కూతురి నోట్లోంచి వచ్చేసింది. తీసుకుంటే చాలు. పిడుగు అప్పుడు కోటు చేతిలో ఉంది. "నేనేదీ?" అంటోంది.

"వద్దు" అంది అత్త.

"ఏం వద్దు?"

"రేకు తీయిస్తా. పొద్దున నిప్పులు అవతల ఖాళీ జాగాలో రాజేసుకుని తెచ్చుకుంటా. అవన్నీ నేను చూసుకుంటా. కానీ అది ఇక్కడుండొద్దు. ఈలోపూ వద్దు, ఆలోపూ వద్దు. ఇంకో గంట కూడా వద్దు." కోటు చేతిలోంచి పిల్లని లాగి కూతురి చేతికిచ్చింది. "పెద్దవాళ్ల రుమాలు అయితే ఉతికి పెట్టగలను. దాని ఛాతీలోకి నా చెయ్యి పోదే."

కూతురికి రుమాళ్ల సంగతి తెలుసో లేదో. ఏమీ అడగలేదు. పిల్లని చంకనెత్తుకుంది. "మరి ఎక్కడ ఉంచను?" అంది. "మా అత్తగారి ఊరికే..."

"ఆ ఊరి మాటెత్తావంటే పెట్టె విసురుతా." అత్త కాగితాలు కెలికింది. "అమ్మాయ్, ఆ దర్జీ అరుగుది ఏది? దానికి కొండలున్నాయా?"

కొలతలమ్మాయి వెతికి తీసింది. గీత నేలబారుగా ఉంది. అక్కడక్కడ చీమపుట్టలంత ఎత్తు. "గాలి అటునుంచి ఇటు కదా అత్తా, వాళ్ల వైపు పొగ పోదు. పైగా వాళ్లింట్లో గ్యాసు పొయ్యి."

అత్త కొంగు నడుముకి దోపి వీధి దాటింది. పదిహేనేళ్లలో దర్జీని ఏదైనా అడగడానికి ఆ అరుగు ముందు నిలబడటం ఇదే మొదలు. దర్జీ మిషను చక్రం మీద చెయ్యి పెట్టి ఆపాడు.

"అన్నయ్యా" అంది. వెనక్కి తిరిగి, కూతురి చంకలో ఉన్న పిల్ల వైపు చూసింది.

"సూదులున్న చోట పిడుగా?" అన్నాడు దర్జీ, అడగకుండానే. "నా కత్తెర్లు, నా సుద్దలు, నా దారాలు! చెల్లెమ్మా, నాకు మతి ఉందనుకున్నావా లేదనుకున్నావా?"

లోపల్నుంచి వదిన గొంతు వినిపించింది. "మతి సంగతి తర్వాత. లోపలి గదిలో నేనుంటాగా. పిల్లని తీసుకురా వదినా. ఈయన నోరు మాత్రం కొలవలేం, అది మనం భరించాల్సిందే."

"సరే" అన్నాడు దర్జీ. "గుండీల డబ్బా మాత్రం పైకెత్తి పెట్టు."

అత్తకి ఏదో అనాలనిపించింది. ఈసారికి ఆయన లాగుల సంగతి ఎత్తకుండా వెనక్కి తిరిగింది.

అలా గురువారం నుంచి పిడుగు వీధి అవతలికి మారింది. వెనక రేకు తీసేశాక కొట్టు ఖాళీ చేసిన ఇల్లులా అయింది. వీధి దుమ్ము నేరుగా వస్తోంది, తెల్లబట్టల మీద పాతచీర కప్పుకుంటూ పని చేస్తోంది అత్త. బల్ల కింద గంప ఒట్టిగా ఉంది. రెండుసార్లు మరిచిపోయి ఆ గంపని కాలితో మెల్లగా ఊపింది.

అవతలి గడపలో పిడుగు నిలబడి కేకేసింది. "అమ్మమ్మా! రా!"

"వస్తా!"

"ఇప్పుడు!"

"ఇప్పుడు కాదు, నాలుగింటికి!"

నాలుగంటే ఎంతో పిడుగుకి తెలీదు. గడప ఇవతలికి ఒక కాలు పెట్టింది. "ఏయ్!" అంది అత్త పెట్టె పైకెత్తి. కాలు వెనక్కి పోయింది. ఇంకో కాలు వచ్చింది. "ఏయ్!" అదీ పోయింది. ఇద్దరూ అలా పొద్దుటి నుంచి మధ్యాహ్నం దాకా వీధికి అడ్డంగా మాట్లాడుకున్నారు. మధ్యలో పోయే సైకిళ్లు, బళ్లు, లాయరు గారు అందరూ విన్నారు. లాయరు గారైతే, "ఈ కేసులో గెలుపెవరిది?" అని అడిగి, తన చొక్కాలు ఇంకా కాలేదని తెలుసుకుని ముఖం మాడ్చుకున్నారు.

"రేపు రండి సార్" అంది అత్త.

"ఇంకా నాలుగే కదమ్మా అయింది!"

"అందుకే రేపు రండి."

నిప్పుల మీద నీళ్లు పోసింది. బూడిద అణిగేదాకా ఆగింది. మొహం, మెడ, చేతులు మోచేతుల దాకా కడుక్కుంది. పొగ పట్టిన చీర విప్పి, ఇంటి నుంచి తెచ్చుకున్న ఉతికిన చీర తెర చాటున కట్టుకుంది. వీధి దాటి దర్జీ అరుగెక్కింది.

పిడుగు గోడ వైపు తిరిగి కూర్చుంది. పిలిస్తే పలకలేదు. భుజం తాకితే జరిగింది. పొద్దుటి నుంచీ రమ్మంటే రాని మనిషి మీద ఎంత కోపం ఉండాలో అంతా ఉంది.

"పో" అంది గోడతో.

"పోను" అంది అత్త. ఆ పక్కనే, తాకకుండా, చాప మీద కాళ్లు చాపుకుని కూర్చుంది.

దర్జీ చక్రం తిప్పుతూ ఓరకంట చూశాడు గానీ ఒక్క మాట అనలేదు. వదిన లోపల్నుంచి, "పొద్దుటి నుంచీ నాలుగైదుసార్లే దగ్గింది వదినా" అని చెప్పింది.

అత్త తలూపింది. కూతురు వచ్చేసరికి ఆరవుతుంది. గోడ వైపు తిరిగిన ఆ చిన్న వీపు ఇటు తిరగడానికి ఇంకా బోలెడంత సమయం ఉంది.